పేస్‌మేకర్ ఉన్న మనిషి వెల్డింగ్ షాపులో ఉండొచ్చా? మిషన్ అయస్కాంత క్షేత్రం గురించి తెలిసినవాళ్లు చెప్పండి

నెల్లూరు_గ్రిల్స్:
అందరికీ నమస్తే. మాది ఆటోనగర్‌లో చిన్న ఫ్యాబ్రికేషన్ షాపు. గేట్లు, గ్రిల్స్, రేకుల షెడ్లు, సీజన్ వస్తే రొయ్యల గుంటల నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్ల ఫ్రేములు. షాపు పెట్టింది మా బాబాయి. గుండె మరీ నెమ్మదిగా కొట్టుకుంటోందని ఈమధ్యే ఆయనకు పేస్‌మేకర్ పెట్టారు. ఇంటికి పంపేటప్పుడు ఆస్పత్రిలో "వెల్డింగ్ జోలికి పోవద్దు" అని ఒక్క ముక్క చెప్పారంతే. పోవద్దంటే చెయ్యొద్దనా, దగ్గర ఉండొద్దనా, ఉంటే ఎంత దూరం, ఏమీ చెప్పలేదు. ఆయనేమో ఇంట్లో కూర్చునే రకం కాదు. పొద్దున్నే వచ్చి కుర్చీ వేసుకుంటారు, ఆ కుర్చీ కూడా సరిగ్గా మిషన్ పక్కనే.

మా దగ్గర పాత ఆయిల్ కూలింగ్ ట్రాన్స్‌ఫార్మర్ మిషన్ ఒకటి, ఇన్వర్టర్ వెల్డింగ్ మిషన్ ఒకటి ఉన్నాయి. 10 గేజీ రాడ్డుకు 120 ఆంపియర్ల దాకా పెడతాం. ఇంకో సంగతి, ఈ "కిరణాల" వల్ల మామూలు వాళ్లకు కూడా కేన్సర్ వస్తుందని మా చెల్లెలు వాట్సాప్‌లో చూసి ఒకటే టెన్షన్. దానికి తోడు ఒకతను వచ్చి మిషన్ మీద రేడియేషన్ ఆపే స్టిక్కర్ అతికించుకోండి అంటున్నాడు. కొనాలా?

ట్రంక్‌రోడ్_కుర్రాడు:
బ్రదర్, మా నాన్న వయసంతా రాడ్డు పట్టుకునే బతికాడు, ఏ క్షేత్రమూ ఆయన్నేమీ చెయ్యలేదు. స్టిక్కర్ డబ్బులతో చేపల పులుసు తినండి.

ఒంగోలు_కరెంట్_మాస్టారు:
పై తమ్ముడి మాట మామూలు మనిషి విషయంలో చాలావరకు సరే. పేస్‌మేకర్ మనిషి విషయంలో మాత్రం పనికిరాదు. ముందు మామూలు వాళ్ల సంగతి చెప్తాను.

కరెంటు పారే ఏ తీగ చుట్టూ అయినా అయస్కాంత క్షేత్రం ఉంటుంది, ఆంపియర్లు పెరిగితే పెరుగుతుంది, దూరం జరిగితే తగ్గుతుంది. 120 ఆంపియర్లు పోయే ఒంటి కేబుల్‌కు 10 సెంటీమీటర్ల దూరంలో లెక్క కడితే 240 మైక్రోటెస్లా (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే యూనిట్), అదే మీటరు దూరంలో 24. మన వైపు భూమి క్షేత్రమే 40 దాకా ఉంటుంది గానీ అది నిలకడగా ఉండేది, మీ పాత మిషన్‌ది సెకనుకు 50 సార్లు అటూ ఇటూ మారేది, అందుకని రెంటినీ పక్కపక్కన పెట్టి ఇంతేగా అనుకోకూడదు. ఇలాంటి క్షేత్రాల నుంచి రక్షణకు హద్దులు సూచించే అంతర్జాతీయ సంస్థ ఐసీఎన్‌ఐఆర్‌పీ, చాలా దేశాలు చూసే దాని 2010 మార్గదర్శకాల్లో 50 హెర్ట్జ్‌కు పనివాళ్లకు 1000, మామూలు జనానికి 200 మైక్రోటెస్లా అని హద్దు ఉంది. కేబుల్ కింద పరిచి పని చేసుకునేవాడు ఆ హద్దుకు చాలా ఇవతలే ఉంటాడు. కేబుల్‌ను భుజాన వేసుకుని ఒక చుట్టు తిప్పి నిచ్చెన ఎక్కేవాడి లెక్క వేరు, ఒంటికి రెండు మూడు సెంటీమీటర్లలోకి వచ్చేసరికి ఆ వెయ్యి అక్కడక్కడే తగులుతుంది.

తగ్గించుకోవడానికి పైసా ఖర్చు లేదు. రాడ్డు పట్టే హోల్డర్ కేబుల్‌ను, కరెంటును వెనక్కి తెచ్చే ఎర్తు కేబుల్‌ను పక్కపక్కనే పెట్టి మూరకొక చోట టేపు చుట్టండి. ఒకదాంట్లో పోయిన కరెంటే రెండోదాంట్లో వెనక్కి వస్తుంది కాబట్టి రెండు క్షేత్రాలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. రెండు సెంటీమీటర్ల ఎడంలో ఉన్నా సరే, జానెడు దూరంలో ఒంటి కేబుల్‌కు వచ్చేదాంట్లో సుమారు పదో వంతే మిగులుతుంది. మన షాపుల్లో జరిగేది దీనికి పూర్తిగా తలకిందులు: హోల్డర్ కేబుల్ కుడి పక్కనుంచి, ఎర్తు ఎడమ పక్కనుంచి, మధ్యలో మనిషి! రెండూ ఒకే పక్కనుంచి రావాలి. ఎర్తు క్లాంపు అతుకు పడే చోటికి వీలైనంత దగ్గర్లో ఉండాలి. మిగిలిన కేబుల్ చుట్ట మీద కూర్చోవడం, మిషన్‌కు ఆనుకోవడం మానాలి.

స్టిక్కర్ కొనొద్దు. కాగితం, తోలు ఏప్రాన్, అల్యూమినియం రేకు, ఇవేవీ 50 హెర్ట్జ్ అయస్కాంత క్షేత్రాన్ని ఆపవు. తోలు ఏప్రాన్ నిప్పురవ్వలకు, ఆర్క్ (రాడ్డు కొన దగ్గర మండే మెరుపు) వెలుతురుకు, అందుకు తప్పకుండా వాడండి.

కేన్సర్ విషయం మీ చెల్లెలికి ఇలా చెప్పండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కేన్సర్ విభాగం ఐఏఆర్‌సీ 2002లో ఈ రకం అయస్కాంత క్షేత్రాలను 2బి అనే వర్గంలో పెట్టింది, అంటే "కావచ్చేమో" అన్న స్థాయి, తేలిందని కాదు. అదే సంస్థ 2017లో వెల్డింగ్ పొగను, ఆర్క్ నుంచి వచ్చే అల్ట్రావయొలెట్‌ను ఒకటో వర్గంలో పెట్టింది, అంటే మనుషుల్లో కేన్సర్ తెస్తాయని తేలినవి. కంటికి కనిపించని క్షేత్రానికి భయపడి, కళ్లెదుట ముక్కులోకి పోతున్న పొగను వదిలేస్తున్నాం.

ఇక మీ బాబాయి. పైన చెప్పిన హద్దులు పేస్‌మేకర్ ఉన్నవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి కావు, కాబట్టి "హద్దులోనే ఉన్నాంగా" అనే మాట ఆయనకు వర్తించదు. పేస్‌మేకర్ గుండె నుంచి వచ్చే చిన్న విద్యుత్ సంకేతాన్ని వింటూ ఉంటుంది. ఆర్క్ టక్ టక్ మని అంటించినప్పుడల్లా కరెంటు ఒక్కసారిగా లేచి పడుతుంది, ఆ అలజడిని గుండె చప్పుడుగా పొరబడితే "గుండె తనంతట తానే కొట్టుకుంటోందిలే" అని అది తన పని ఆపుకోవచ్చు. అప్పుడు తల తిరుగుతుంది, మనిషి పడిపోవచ్చు కూడా. ఇన్వర్టర్ డీసీ కదా అని ధీమా వద్దు, ఆర్క్ అంటుకునేటప్పుడు అదీ ఎగిరెగిరి పడేదే.

చీమకుర్తి_ఫ్యాబ్రికేటర్:
మాస్టారు క్షేత్రం సంగతి బాగా చెప్పారు. నేను గ్రానైట్ ఫ్యాక్టరీల్లో రిపేర్ పనులు చేయిస్తుంటాను, ఎక్కడికి పోయినా ఒకటే కనిపిస్తుంది. ఎర్తుకు క్లాంపు ఉండదు, కేబుల్ కొస ఒలిచి రాగి పోగులు ఒక ఇనుప ముక్కకు చుట్టి, అది కదలకుండా పైన ఇటుక పెడతారు. ఇటుక కింద పోగులు సగం కాలి నల్లగా ఉంటాయి, అక్కడ చెయ్యి పెడితే సలసల. కాంటాక్ట్ సరిగ్గా దొరక్కపోతే కరెంటు ఊరుకోదు, దొరికిన దారినే వెనక్కి పోతుంది. మోటార్ బేరింగుల్లోంచి పోతే బేరింగుల్లో చిన్న చిన్న గుంటలు పడతాయి. ఏరియేటర్ ఫ్రేము అతికేటప్పుడు క్లాంపు గేర్‌బాక్స్‌కు అవతల పక్క పెట్టారంటే ఇదే జరుగుతుంది, రైతు కంపెనీని తిట్టుకుంటాడు. పక్క మిషన్ల ఎర్త్ వైరు కాలిపోయే ప్రమాదం కూడా ఉంది.

అసలు షాపుల్లో మనిషిని నిలబెట్టి చంపేది షాక్. రాడ్డు అంటించకుండా ఖాళీగా ఉన్నప్పుడు హోల్డర్‌లో ఏసీ అయితే 80 వోల్టుల దాకా ఉండొచ్చు, వెల్డింగ్ మిషన్లకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60974 పెట్టిన హద్దు అది. తడి చోట్ల, ఇనుప ట్యాంకు లోపల అయితే 48 దాటకూడదు, అందుకు పనికొచ్చే మిషన్ నేమ్‌ప్లేట్ మీద చతురస్రంలో ఎస్ అక్షరం ఉంటుంది. మన రోహిణి ఎండల్లో చొక్కా, గ్లౌజు చెమటకు తడిసి ముద్దయ్యాక ఆ 80 చాలు. బోర్డులో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్) ఉందిగా అంటారు, అది మిషన్‌కు వచ్చే సప్లై వైపు లోపాన్నే పట్టుకుంటుంది, హోల్డర్ వైపు షాక్ కొడితే దానికి తెలియదు. సైకిల్ ట్యూబు చుట్టిన హోల్డర్లు ముందు పారేయండి. గుంట గట్టు మీద తడి నేలలో పని చేస్తే కాళ్ల కింద ఎండిన చెక్క వేసుకోండి.

జీఐ పైపు (జింకు పూత ఉన్న ఇనుప పైపు) అతికిన రాత్రి చలిజ్వరం వచ్చిందంటే అది జింకు పొగ వల్లే. పాలు తాగితే పోతుందంటారు, అదంతా ఒట్టిది, అతుకు దగ్గర పూత గీకేసి, పొగకు పక్కగా గాలివాటు చూసుకుని కూర్చోవాలి. కళ్లకు అడ్డం పెట్టే వెల్డింగ్ నల్ల అద్దం 10 లేదా 11 నంబర్ ఉండాలి. చెయ్యి అడ్డం పెట్టుకుని చూసే హెల్పర్ కుర్రాళ్లను మాత్రం నేను నేరుగా ఇంటికే పంపేస్తాను. భద్రత కోడ్ కావాలంటే మన దేశపు ప్రమాణం ఐఎస్ 818 ఉంది, చదివిన షాపు ఓనరు నాకింకా తగల్లేదు.

నెల్లూరు_గ్రిల్స్:
మాస్టారూ, అన్నా, చాలా థ్యాంక్స్. ఇటుక మా దగ్గర కూడా ఉంది, దాచేదేముంది. కేబుళ్లు ఈ రోజే కలిపి చుట్టేశాం, కొత్త క్లాంపుకు మనిషిని పంపించా. బాబాయికి అంతా చదివి వినిపిస్తే కుర్చీ జరపడానికి ఒప్పుకున్నారు, రాడ్డు పట్టనంటే మాత్రం ఒప్పుకోవడం లేదు. "చిన్న ట్యాకులు వేసుకుంటా లేరా" అంటున్నారు, అంటే ముక్కలు కదలకుండా అక్కడక్కడ వేసే చిన్న చుక్క అతుకులు. ట్యాకులు పర్లేదా?

ఒంగోలు_కరెంట్_మాస్టారు:
ట్యాకులే ఇంకా ఇబ్బంది నాయనా, మాటిమాటికీ ఆర్క్ అంటించేది వాటికేగా. ఒప్పుకోవద్దు, కనీసం చెకప్ అయ్యేదాకా. పేస్‌మేకర్‌తో పాటు ఇచ్చిన కార్డు మీద కంపెనీ, మోడల్ ఉంటాయి. వెల్డింగ్ గురించి ఆ కంపెనీ సూచనల్లో ఎన్ని ఆంపియర్ల లోపు, ఆర్క్‌కు గుండె ఎంత దూరంలో ఉండాలి అని ఉంటుంది, సాధారణంగా రెండడుగులకు తగ్గదు. టిగ్ (ఇంకో రకం ఆర్క్ వెల్డింగ్) మిషన్‌లో హై ఫ్రీక్వెన్సీ స్టార్ట్ ఉంటుంది, అది నడిచేటప్పుడు దగ్గరకే రానివ్వకండి.

చెకప్‌కు పోయేటప్పుడు రెండు మిషన్ల నేమ్‌ప్లేట్లూ ఫోన్‌లో ఫొటో తీసుకెళ్లండి. డాక్టర్‌ను మూడు మాటలు అడగండి: పేస్‌మేకర్ ఒక్క నిమిషం ఆగితే ఈయన గుండె సొంతంగా నడుస్తుందా, పెట్టిన లీడు (పేస్‌మేకర్ నుంచి గుండెకు పోయే తీగ) బైపోలారా యూనిపోలారా, ఇన్నాళ్లూ షాపులో కూర్చున్నందుకు పరికరం రికార్డులో ఏమైనా అలజడి నమోదైందా. యూనిపోలార్ అయితే బయటి అలజడిని ఎక్కువగా పట్టుకుంటుంది. మూడో ప్రశ్నకు జవాబు వాళ్ల కంప్యూటర్‌లోనే కనిపిస్తుంది. అప్పటిదాకా కొటేషన్లు, సైటు కొలతలు ఆయనకు అప్పజెప్పండి, కుర్చీ రోడ్డు వైపు వేయండి. షాపులో ఎప్పుడైనా తల తిరిగినట్టు ఉందన్నారంటే ముందు మిషన్ ఆపేసి ఆయన్ను దూరంగా తీసుకెళ్లండి, నీళ్లూ సోడా తర్వాత.