జీహెచ్‌ఎంసీ ఇంటి పన్ను: 5 శాతం రాయితీ దేనిమీద?

ప్రశ్న: ఇల్లు అద్దెకిచ్చాం. నిరుటి బకాయి రూ. 4,000, ఈ ఏడాది పన్ను రూ. 6,000. ఏప్రిల్‌లో ముందే కడితే ఇచ్చే 5 శాతం రాయితీ మొత్తం మీద వస్తుందా?

జవాబు: లేదండి, ఈ ఏడాది పన్ను మీదే. సుమారు రూ. 300 తగ్గుతుంది. బకాయికి రాయితీ రాదు సరికదా, నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది. బకాయి తీర్చి, ఏడాది పన్నంతా ఏప్రిల్ 30లోపే కట్టేయండి. అద్దెకిచ్చినా అడ్డు లేదు.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో కట్టేటప్పుడు ఏం చూసుకోవాలి?

జవాబు: పీటీఐఎన్ (ఇంటి పన్ను గుర్తింపు సంఖ్య) కొట్టాక పేరు, డోర్ నంబరు తప్పకుండా చూసుకోండి. పక్క ఫ్లాటు నంబరుకు కట్టేస్తే ఆ డబ్బు మార్పించుకోవడం పెద్ద తలనొప్పి.

ప్రశ్న: కొన్ని ఇళ్లకు ఏడాదికి రూ. 101 మాత్రమే పన్ను అంటారు కదా, అది మాకు వర్తిస్తుందా?

జవాబు: రాదు. అది ఏడాది పన్ను రూ. 1,200 దాటని నివాస గృహాలకే.