ఎర్రగడ్డ సంతలో కొన్న పాత గొడ్డలి: గ్రైండర్ పెట్టాక అంచు నీలంగా మారింది, ఇక పనికిరాదా?

సనత్‌నగర్_ఉలి:
అందరికీ నమస్కారం. మా తాత జనగామ దగ్గర పల్లెలో వడ్రంగి. ఆయన పోయాక పనిముట్ల పెట్టె మొత్తాన్ని పాత ఇనుము కింద తూకానికి అమ్మేశారు. అప్పుడు నాకు పదేళ్ళు. తాత బాడిస (కర్ర చెక్కే పనిముట్టు) పిడి ఎంత నున్నగా ఉండేదో నా చేతికి ఇప్పటికీ గుర్తే. రెండేళ్ళుగా ఆదివారం పొద్దున్నే ఎర్రగడ్డ సంతకు వెళ్ళి, ఎవరి తాతవో తెలియని పనిముట్లు ఏరుకొస్తున్నాను.

పోయిన నెల ఒక గొడ్డలి దొరికింది. కామ (కర్ర పిడి) విరిగిపోయి, ముక్క బెజ్జంలోనే ఇరుక్కుని ఉంది. 350 రూపాయలు. దాంతోపాటు రెండు ఉలులు, ఒక ఇనుప రందా (చెక్కని నున్నగా చేసే చిత్రిక) తెచ్చుకున్నాను. రందా మీద రికార్డ్ 05 (కంపెనీ పేరు, సైజు నంబరు) అని, మేడ్ ఇన్ ఇంగ్లండ్ అని పోత అక్షరాలున్నాయి. ఒళ్ళంతా తుప్పు.

గొడ్డలి అంచు రెండు చోట్ల పెచ్చు లేచి ఉంటే మా వీధిలో వెల్డింగ్ షాపులో ఇచ్చాను. ఐదు నిమిషాల్లో గ్రైండర్ పెట్టి అద్దంలా చేసిచ్చాడు. ఇంటికొచ్చి వెలుతురులో చూస్తే అంచు చివర బూడిదరంగు, దాని వెనక నీలం, ఆ వెనక సన్నగా గోధుమరంగు గీత. ఎండిన తుమ్మ మొద్దు మీద మూడు దెబ్బలు వేశానో లేదో అంచు మడత పడింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అన్నేళ్ళు నిలబడిన వస్తువు నా చేతికొచ్చి పాడైపోయిందనిపించింది.

దీన్ని మళ్ళీ దారిలోకి తేవచ్చా? కామకి ఏ కర్ర మంచిది? రందా తుప్పు దేనితో తీయాలి? ఉలుల మీద షెఫీల్డ్, కాస్ట్ స్టీల్ అని ఉంది. కాస్ట్ అంటే పోత ఇనుము కాబట్టి సుత్తితో కొడితే పగులుతుందని అమ్మినవాడే చెప్పాడు. నిజమేనా?

లాలాగూడ_పాత_ఫిట్టర్:
బాబూ, ముందు టెన్షన్ వదిలెయ్. గొడ్డలి పోలేదు, అంచు మాత్రమే పోయింది. రైల్వే వర్క్‌షాపులో 34 ఏళ్ళు ఇనుముతోనే గడిపాను కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

ఉక్కును ఎర్రగా కాల్చి ఒక్కసారిగా చల్లారిస్తే గాజులా గట్టిపడుతుంది, గాజులాగే పెళుసుగానూ ఉంటుంది. అందుకే మళ్ళీ కొద్దిగా వేడి చేసి ఆ పెళుసుదనం తీస్తారు. ఈ రెండో వేడి ఎంతన్నది ఉక్కు మీద రంగే చెప్తుంది. 220 డిగ్రీల దగ్గర లేత గడ్డిరంగు, 255 దాటితే గోధుమ, 280 దగ్గర ఊదా, 300కి నీలం. నీలం దాకా వెళ్ళిన ఉక్కు స్ప్రింగుకి సరిపోతుంది. అది కూడా దాటి బూడిదరంగుకి వచ్చిందంటే ఇక మెత్తబడిపోయినట్టే. నీ గొడ్డలి చివర జరిగింది ఇదే. అంచు పలచన, వేడి పోవడానికి చోటుండదు. గ్రైండర్ ఆగకుండా తిరిగితే అక్కడ కొన్ని సెకన్లలోనే ఆ వేడి పుడుతుంది.

ఆ బూడిదరంగు, నీలం రెండూ పూర్తిగా పోయేదాకా అంచును వెనక్కి అరగదియ్యాలి. గ్రైండర్‌తో కాదు, ఆకురాయితో, అంటే ఫైల్‌తో. గొడ్డలిని బెంచీ వైస్‌లో బిగించు, చేతులకు తోలు గ్లౌజులు వేసుకో. అంచుని చేతి ఆకురాయితో వేడెక్కించి పాడుచెయ్యడం ఎవరివల్లా కాదు, అందుకే నాకు దాని మీద అంత నమ్మకం. ఎక్కడ ఆపాలన్నది కూడా అదే చెప్తుంది. మెత్తబడిన చోట పళ్ళు సులువుగా దిగి పొడి ముద్దగా రాలుతుంది. మంచి ఉక్కు తగలగానే చప్పుడు మారుతుంది, ఆకురాయి కాస్త జారుతూ కష్టం మీద పట్టుకుంటుంది. అసలు పట్టుకోకుండా జారిపోతే మాత్రం అంచు మరీ పెళుసుగా ఉన్నట్టు.

ఇంకొక్కటి చూసుకో. పాత గొడ్డళ్ళలో చాలావాటికి ఒళ్ళంతా ఉక్కు ఉండదు. మెత్తని ఇనుముకి అంచు దగ్గర మాత్రం ఉక్కు ముక్క పెట్టి కొలిమిలో అతికేవారు. పల్లెల్లో అంచు అరిగాక కమ్మరి దగ్గర మళ్ళీ ఉక్కు వేయించుకోవడం అందుకే. నీ గొడ్డలి బుగ్గ మీద, అంటే అంచు వెనక పక్కభాగం మీద ఒక చోట నున్నగా రుద్ది నిమ్మరసం పుయ్యి. కాసేపటికి ఉక్కున్నంత మేర నల్లబడుతుంది, ఇనుము తెల్లగానే ఉంటుంది. మధ్యలో గీత కనిపిస్తే ఎంత ఉక్కు మిగిలిందో తెలిసిపోతుంది.

బెజ్జంలో ఇరుక్కున్న ముక్కని కాల్చి తీసే అలవాటు చాలామందికి ఉంది. దయచేసి ఆ పని చెయ్యకు. ఆ నిప్పు అంచు దాకా పాకిందంటే గ్రైండర్ కన్నా ఎక్కువ చెడగొడుతుంది. డ్రిల్లుతో నాలుగు తూట్లు వేసి, మేకుతో కొట్టి బయటికి తియ్యి.

తుమ్మకామ:
మాది పోలవరం వైపండి. మా నాన్నగారు ఊళ్ళో అందరికీ కామలు చెక్కి ఇచ్చేవారు, అందుకే కర్ర సంగతి నేను చెప్తాను. నల్లతుమ్మ మంచిది, చిరుమాను దొరికితే ఇంకా మంచిది. చిరుమానుకి సాగే గుణం ఉంటుంది, దెబ్బ అదురు చేతికి రానివ్వదు. టేకు అందంగా ఉంటుందని పెట్టకండి. బల్లలకీ తలుపులకీ అది రాజు, గొడ్డలి కామకి మాత్రం విరిగిపోతుంది.

కర్ర ఏదైనా దాని గీతలు కామ పొడవునా ఈ చివరి నుంచి ఆ చివరిదాకా సాగాలి. మధ్యలో ఏటవాలుగా పక్కకి వెళ్ళిపోతే ఎప్పటికైనా అక్కడే విరుగుతుంది. సామిల్లులో కోసిన ముక్క కన్నా నిలువునా చీల్చిన ముక్క మేలని మా నాన్న అనేది ఇందుకే. చీలిక గీత వెంటే పోతుంది, రంపానికి ఆ పట్టింపు లేదు. పచ్చికర్ర వద్దు, నీడలో ఆరాలి. ఒక్క ఎండాకాలం గడిస్తే చాలు.

గొడ్డలి వదులైతే నీళ్ళ బకెట్‌లో నానబెడతారు చూడండి, అది ఆ పూటకే. కర్ర ఉబ్బి లోపల నలిగిపోతుంది, ఆరాక ముందుకన్నా వదులవుతుంది. ఎండుకర్ర చీల దిగ్గొట్టడమే సరైన పద్ధతి. పైన అవిసె నూనె రాయండి. తుడిచిన గుడ్డని ఉండచుట్టి మూల పడెయ్యకండి, అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుట్టి గుడ్డ దానంతటదే అంటుకుంటుంది. విప్పి ఆరుబయట పరిచేయండి.

పిట్స్‌బర్గ్_చిత్రిక:
నేను ఇక్కడ ఇళ్ళు ఖాళీ చేసేటప్పుడు పెట్టే అమ్మకాల్లో రందాలు, రంపాలు కొంటుంటాను. తుప్పు సంగతి మాత్రం చెప్పగలను. చిన్న ముక్కలకి నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) చాలు. లీటరు నీళ్ళకి 50 గ్రాములు కలిపి రాత్రంతా ఉంచండి. పొద్దున్నే బ్రష్‌తో రుద్ది, వంటసోడా నీళ్ళతో కడిగి, వెంటనే ఆరబెట్టి నూనె రాయండి. ఈ వెంటనే అన్నదే ముఖ్యం, పది నిమిషాలు వదిలేస్తే మళ్ళీ ఎర్రబడుతుంది. ఇనుము కొంచెం బూడిదరంగుకి తిరుగుతుంది, దాంతో నష్టం లేదు.

రందా ఒళ్ళు పెద్దది కాబట్టి కరెంటు పద్ధతి బాగుంటుంది. ప్లాస్టిక్ టబ్బులో నాలుగు లీటర్ల నీళ్ళకి ఒక పెద్ద చెంచా బట్టల సోడా వేసి, 12 వోల్టుల బ్యాటరీ చార్జర్ నెగెటివ్ వైరు రందాకి, పాజిటివ్ ఒక పనికిరాని మామూలు ఇనుప రేకుకి తగిలించండి. ఆ రెండూ ఒకదానికొకటి తగలకూడదు. స్టెయిన్‌లెస్ స్టీల్ గిన్నె, గరిట అస్సలు వాడకండి. దాంట్లో క్రోమియం నీళ్ళలోకి దిగి విషమవుతుంది. బుడగలుగా వచ్చేది హైడ్రోజన్, అందుకని ఆరుబయటే చేయండి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. ఈ పద్ధతి తుప్పునే వదిలిస్తుంది, కింద ఉన్న మంచి ఇనుముని తినదు. పెయింట్ కూడా ఊడి వచ్చే అవకాశం ఉంది, రికార్డ్ కంపెనీ వేసిన నీలం రంగు ఉంచుకోవాలంటే చేతితోనే రుద్దుకోవాలి. కరెంటు పెట్టే ముందు రందాని వేలాడదీసి చెక్కముక్కతో కొట్టి చూడండి. గణగణమంటే సరే, బొంగురుగా పలికితే ఎక్కడో పగులుంది.

లాలాగూడ_పాత_ఫిట్టర్:
ఉలుల సంగతి మరిచాను. సంతలో ఆయన చెప్పింది తప్పు బాబూ. ఆ కాస్ట్ స్టీల్ పోత ఇనుము కాదు. 1740ల్లో షెఫీల్డ్ దగ్గర బెంజమిన్ హంట్స్‌మన్ ఉక్కుని మట్టిమూసల్లో పూర్తిగా కరిగించి పోసే పద్ధతి పట్టుకున్నాడు. అలా చేసిన ఉక్కు అంతా ఒకే తీరుగా ఉంటుంది. ఆ తర్వాత మంచి ఉలుల మీద గర్వంగా కొట్టిన ముద్ర అది. మూసలో ఉక్కు వండటం మన నేలకి అంతకన్నా చాలా పాతది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు కోసం ఒకప్పుడు పర్షియా వర్తకులు వచ్చేవారు. ఆ ఉలుల్ని 25 డిగ్రీల వాలుకి సానబెట్టి వాడుకో, నీ జీవితకాలం వస్తాయి.

సనత్‌నగర్_ఉలి:
నాలుగు ఆదివారాల తర్వాత మళ్ళీ రాస్తున్నాను. నిమ్మరసం పూస్తే గీత స్పష్టంగా వచ్చింది. అంచు నుంచి మూడు సెంటీమీటర్ల దాకా ఉక్కే ఉంది. దాన్ని చూసి ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. ఏ ఊరి కమ్మరో ఎప్పుడో వేసిన అతుకు అది. ఐదు మిల్లీమీటర్లు అరగదీశాక ఆకురాయి చప్పుడు మారింది, ఫిట్టర్ గారు చెప్పినట్టే. అంచు మందమైపోయింది కాబట్టి రెండు బుగ్గలూ పలచన చేయడానికి ఇంకో రెండు రోజులు పట్టింది. అమ్మమ్మ వాళ్ళ ఊరి నుంచి ఎండిన నల్లతుమ్మ తెచ్చి కామ వేశాను. అదే మొద్దు మీద నలభై దెబ్బలు వేశాను. మడత లేదు, పెచ్చు లేదు.

గొడ్డలి వెనక భాగంలో సుత్తి దెబ్బల గుంటలు అలాగే వదిలేశాను. రందా పిడి మీద ఎవరో కాల్చి దిద్దిన "రా" అనే అక్షరం ఉంది. మొదట గరుకు కాగితంతో రుద్దేద్దామనుకున్నాను, చేయి రాలేదు. రందా కొట్టి చూస్తే గణగణమంది. ఇప్పుడు టబ్బులో ఉంది.

వచ్చే ఆదివారం బాడిస కోసం వెళ్తున్నాను. ఏం చూసుకోవాలి?

లాలాగూడ_పాత_ఫిట్టర్:
వాలు లోపలి వైపు, అంటే పట్టుకున్నవాడి వైపే ఉండాలి. పైవైపు కూడా ఎవరైనా గ్రైండర్ పెట్టి ఉంటే తీసుకోకు, అది చెక్కలోకి కూరుకుపోతుంది. రంగు మారిందేమో ఎండలో తిప్పి చూడు. చిన్న ఆకురాయి జేబులో పెట్టుకెళ్ళు, అమ్మేవాళ్ళని అడిగే అంచు మూల మీద ఒక్కసారి గియ్యి. పిడి పాతదే ఉంటే మార్చకు.