హద్రమౌత్ కరవు, 1943–44: హైదరాబాదు నుంచి వెళ్లిన డబ్బు లెక్కలు ఎక్కడ దొరుకుతాయి?

1942లో జపాను సింగపూరు, జావాలను ఆక్రమించడంతో అక్కడ ఉన్న హద్రమీలు (దక్షిణ అరేబియాలోని హద్రమౌత్ ప్రాంతం వారు) ఇంటికి పంపే డబ్బు ఆగిపోయింది. వానలూ లేక బ్రిటిష్ రక్షణ కింద ఉన్న ఏడెన్ ప్రొటెక్టరేట్‌లోని (నేటి యెమెన్) హద్రమౌత్‌లో జనం ఆకలితో చనిపోయారు. బ్రిటిష్ విమానాలు లోయలకు ధాన్యం మోశాయి. ఇంత విషాదంలో నిజాం కొలువులోని హద్రమీ అరబ్బు సిపాయిలు, హైదరాబాదులో వాళ్ల వాడ అయిన బార్కస్ కుటుంబాలు ఏమి పంపగలిగారో తెలుసుకోవాలని నా తపన.

లండన్‌లోని ఇండియా ఆఫీస్ రికార్డులలో ఏడెన్ దస్త్రాల (ఆర్/20) జాబితాను మూడు వారాలు చూశాను. ‘ముకల్లా’ (హద్రమౌత్ రేవు పట్టణం), ‘హైదరాబాద్’, అక్కడి సుల్తానుకు బ్రిటిష్ సలహాదారు (రెసిడెంట్ అడ్వైజర్) ‘ఇంగ్రామ్స్’ పేర్లతో వెతికాను. ముకల్లా సుల్తాను వ్యవహారాలే కనిపించాయి, సిపాయిల సొమ్ము ప్రస్తావన లేదు. 1937లోనే ఏడెన్ భారత పాలన నుంచి విడిపోయింది కాబట్టి ఢిల్లీ దస్త్రాలపైనా ఆశ తక్కువే.

1942–44 నాటి ఈ చెల్లింపులను నిజాం ప్రభుత్వ దస్త్రాల్లో ఏ శాఖ కింద వెతకాలి?