పదిహేడేళ్ల అబ్బాయి సంతకం పెట్టిన స్థలం అగ్రిమెంటు చెల్లుతుందా?

ప్రశ్న: తండ్రి స్వార్జితమైన ఇంటి స్థలాన్ని, ఆయన పోయాక తల్లి, కూతురు, కొడుకు కలిసి మాకు అమ్ముతున్నారు. రూ.100 స్టాంపు కాగితం మీద అగ్రిమెంటు రాసుకుని 2 లక్షలు బయానా ఇచ్చాం. ముగ్గురూ సంతకాలు చేశారు. తీరా పదో తరగతి మెమో చూస్తే అబ్బాయికి 18 నిండడానికి ఇంకా మూడు నెలలుంది. ఇప్పుడేం చేయాలి?

జవాబు 1: నోటరీ చేయించండి, సరిపోతుంది.

జవాబు 2: దయచేసి అలా చెప్పకండి. నోటరీ ముద్ర వేసినంత మాత్రాన మైనరు మేజరు కాడు. ఒప్పందానికి నోటరీ తప్పనిసరి కూడా కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం పదో సెక్షన్ అడిగేది వేరు: ఇష్టపూర్వక సమ్మతి, ప్రతిఫలం, చట్టం ఒప్పుకునే ఉద్దేశం, అర్హత గల మనుషులు. ఆ అర్హత ఎవరికుందో పదకొండో సెక్షన్ చెబుతుంది: మేజరై, మతిస్థిమితం ఉండి, ఏ చట్టమూ అనర్హులుగా ప్రకటించనివారు.

మైనరు ఒప్పందం మొదటి నుంచీ చెల్లదని మోహరీ బీబీ కేసులో ప్రీవీ కౌన్సిల్ (బ్రిటిషు కాలంలో మనకు ఆఖరి అప్పీలు కోర్టు) 1903లోనే తేల్చింది. కలకత్తాలో 20,000 రూపాయలకు ఇళ్లు తనఖా పెట్టిన కుర్రవాడి పత్రం రద్దయింది, అప్పిచ్చినవాళ్లకు ఇచ్చిన డబ్బూ తిరిగి రాలేదు. తల్లి, అక్క సంతకాలు వాళ్ల వాటాల వరకు నిలబడవచ్చు. కానీ అబ్బాయి వాటా లేని స్థలంతో మీరేం చేసుకుంటారు?

ప్రశ్న: 18 నిండాక అదే కాగితం కింద మళ్లీ సంతకం చేయిస్తే?

జవాబు 2: కుదరదు. పుట్టని ఒప్పందాన్ని తరువాత ఖాయపరచలేరు, కొత్తది రాసుకోవాల్సిందే. గార్డియన్‌గా తల్లి సంతకం చాలదా అని కూడా అడుగుతారేమో. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం ఎనిమిదో సెక్షన్ ప్రకారం కోర్టు ముందస్తు అనుమతి లేకుండా మైనరు స్థిరాస్తి అమ్మితే, మైనారిటీ తీరిన మూడేళ్లలోపు అతను దావా వేసి ఆ అమ్మకాన్ని కొట్టేయించుకోవచ్చు. మీకు మిగిలింది మూడు నెలలే కాబట్టి కోర్టు అనుమతి కోసం తిరగడం కన్నా ఆగడం నయం. ఇంతకీ బయానా ఎవరి చేతికిచ్చారు?

ప్రశ్న: తల్లి పేరిట చెక్కు ఇచ్చాం.

జవాబు 2: మంచి పని చేశారు. ఆ 2 లక్షలు తనకే ముట్టాయని ఆమెతో ఇప్పుడే రసీదు రాయించుకోండి. కొత్త అగ్రిమెంటులో పాతది రద్దయిందనీ, ఆ సొమ్మును ధరలో జమ చేసుకుంటున్నామనీ ముగ్గురి చేతా ఒప్పించండి. అబ్బాయి పుట్టిన తేదీ కాగితం నకలు జతచేయండి.

మరొకరి ప్రశ్న: మా పన్నెండేళ్ల పాప పేరిట స్థలం కొనవచ్చా?

జవాబు 2: కొనవచ్చు. మైనరుకు ఆస్తి రాయించుకునే హక్కుంది, చిక్కంతా మళ్లీ అమ్మేటప్పుడే.