సుంకి ఘాట్‌కి ఆర్ఎక్స్ 100: ముందు చక్రానికి డ్రమ్ము బ్రేకే ఉంచాలా, డిస్క్ ఎక్కించాలా?

కోరాపుట్_టూస్ట్రోక్:
అందరికీ నమస్కారం. నాది 1994 యమహా ఆర్ఎక్స్ 100, ఓఆర్-10 నంబరు, రీ-రిజిస్ట్రేషన్ అయిన బండి. ఇంజన్ పని అంతా అయిపోయింది, మిగిలింది ముందు బ్రేకే. సాలూరు వెళ్లాలంటే సుంకి ఘాట్ దిగాలి. వెనక మా ఆవిడ, ముందు సంచులు. సగం దిగేసరికి లివర్ దాదాపు గ్రిప్‌కి తగులుతోంది. బ్రేకు పట్టగానే ఫోర్కులు అడుగు దాకా కూర్చుంటున్నాయి. జయపురంలో ఒక గ్యారేజీవాళ్లు పల్సర్ ముందు భాగం మొత్తం, అంటే ఫోర్కులు, చక్రం, డిస్క్ అన్నీ కలిపి ఎక్కించేస్తామంటున్నారు. వేయించుకోవచ్చా? 'ఒరిజినల్ పాడుచేయొద్దు' అనే సెంటిమెంటు కబుర్లు మాత్రం వద్దు. బండి ఆగాలి, అంతే.

రాయగడ_రైడర్:
ఇందులో ఆలోచించడానికి ఏముంది అన్నా, వేయించెయ్. 98 సీసీ బండికి 1985లో ఇచ్చిన 130 ఎంఎం డ్రమ్ము అది. అప్పుడు రోడ్ల మీద ఉన్న బళ్లెన్ని, ఇప్పుడెన్ని? ముందు పోయే కారు డిస్కులతో టక్కున ఆగుతుంది, నువ్వు దాని డిక్కీలో ఉంటావు. వానాకాలం సంగతి చెప్పనే అక్కర్లేదు. డ్రమ్ములోకి నీళ్లు పోతే రెండు మూడు సార్లు పట్టేదాకా బ్రేకు ఉండదు. డిస్క్ మీద నీళ్లని ప్యాడ్లే తుడిచేస్తాయి. పాత బండి మీద ప్రేముంటే పెయింటు వేయించుకోండి, బ్రేకు మీద చూపించకండి.

గుణుపురం_మాస్టారు:
తమ్ముడూ, ఆవేశం తగ్గించు. కోరాపుట్ బాబూ, ముందు నాలుగు సంగతులు చూసి చెప్పు. బ్రేకు గట్టిగా పట్టినప్పుడు డ్రమ్ము దగ్గరి ఆర్ముకీ కేబుల్‌కీ మధ్య కోణం ఎంత ఉంటోంది? తొంభై డిగ్రీల దరిదాపుల్లో ఉండాలి. డ్రమ్ము లోపల షూలకి అంటించిన లైనర్లు అరిగిన కొద్దీ ఆర్ము ముందుకు తిరిగిపోతుంది. అక్కడి నుంచి ఎంత లాగినా బలమంతా కేబుల్ మీదే పోతుంది, షూల దాకా చేరదు. చాలామంది నట్టు తిప్పుకుంటూ పోతారు తప్ప ఆర్ము విప్పి దాని ఇరుసు మీది పళ్లలో ఒక పన్ను వెనక్కి వేయరు.

రెండోది లైనర్లు. కొత్త షూ తెచ్చి తగిలించగానే అది డ్రమ్ముకి మొత్తం ఆనదు. మధ్యలో ఒక అంగుళమే ఆనుతుంది. షూని డ్రమ్ము వంపుకి సరిపోయేలా రాపించాలి. ఆ పని చేసేవాళ్లు ఇప్పుడు అరుదు. అందుకే డ్రమ్ముకి చెడ్డపేరు. లైనరు గాజులా మెరుస్తుంటే గరుకు కాగితంతో రుద్దు. ఆ దుమ్ము గాలి కొట్టి ఊదకు, తడి గుడ్డతో తుడువు. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండేది.

మూడోది కేబుల్. పాతబడ్డ కేబుల్‌కి పైతొడుగే నొక్కుకుపోతుంది, లివర్ మెత్తగా ఉంటుంది. కొత్తది వేయించు. నాలుగోది ఎవరూ పట్టించుకోరు. చక్రం బిగించేటప్పుడు యాక్సిల్ నట్టు కాస్త వదులుగా ఉంచి, బ్రేకు లివర్ గట్టిగా పట్టుకుని, అప్పుడు బిగించాలి. అలా చేస్తే షూలు డ్రమ్ము మధ్యకి సర్దుకుంటాయి. బ్రేక్ ప్లేటు గాడిలో ఫోర్కు బొడిపె సరిగ్గా కూర్చుందో లేదో కూడా చూసుకో. అది తప్పితే ప్లేటే తిరిగిపోతుంది, ఆ ముక్క మాత్రం నవ్వులాట కాదు.

ఇవన్నీ చేశాక కూడా ఆగకపోతే అప్పుడు డిస్క్ మాట.

రాయగడ_రైడర్:
మాస్టారూ, మీరన్నవన్నీ చేసినా వేడి వేడే కదా. ఆయన అడిగింది ఘాట్ గురించి.

సునాబెడ_ఫిట్టర్:
వేడి గురించి రాయగడ అబ్బాయి చెప్పింది నిజం, దాన్ని దాటేయకూడదు. నేను సునాబెడ ఇంజన్ ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాను, లెక్క లేకుండా మాట్లాడలేను. బండి, ఇద్దరు మనుషులు, సామాను కలిపి 250 కేజీలు అనుకోండి. నిలువుగా ప్రతి 100 మీటర్ల దిగుడుకీ దాదాపు 245 కిలోజౌళ్ల శక్తి ఎక్కడో అక్కడ వేడిగా మారాలి. ముప్పావు లీటరు నీళ్లు మరిగించేంత వేడి అది. గాలి కొంత తీసుకుంటుంది, ఇంజన్ కొంత. మిగతాదంతా బ్రేకులే మింగాలి. టూ-స్ట్రోక్‌కి ఇంజన్ బ్రేకింగ్ తక్కువ కాబట్టి బుల్లెట్‌వాడి కంటే మన వాటా ఎక్కువ. పైగా డ్రమ్ము వేడెక్కితే వ్యాకోచించి షూల నుంచి దూరం జరుగుతుంది. కోరాపుట్ బాబు లివర్ గ్రిప్‌కి తగలడానికి ఇదీ ఒక కారణమే. డిస్క్ అయితే వేడికి మందమై ప్యాడ్ల వైపే వస్తుంది.

అలాగని న్యూట్రల్‌లో వేసి దిగకండి, గేర్లోనే దిగండి. కానీ ఇంకో చిక్కుంది. ఆర్ఎక్స్ ఆయిల్ పంపు థ్రాటిల్‌కి కట్టి ఉంటుంది. మూసిన థ్రాటిల్‌తో ఇంజన్‌ని గిరగిరా తిప్పుకుంటూ దిగితే ఆయిల్ అతి తక్కువ అందుతుంది. మధ్యమధ్యలో కాస్త థ్రాటిల్ ఇవ్వాలి. జావా, యెజ్డీలవాళ్లకి ఈ సంగతి బాగా తెలుసు, వాళ్లకి ఆయిలు పెట్రోల్లోనే కలిసి వస్తుంది కదా.

ఇక పల్సర్ ఫోర్కులు. ఇక్కడ నేను పూర్తిగా వ్యతిరేకం. ఆర్ఎక్స్ బరువు నూరు కేజీల దరిదాపుల్లో, పల్సర్ దానికి దాదాపు ఒకటిన్నర రెట్లు. ఆ బరువుకి పెట్టిన స్ప్రింగులు మన బండికి గట్టిగా ఉంటాయి. గతుకుల మీద చక్రం నేలని వదిలి ఎగురుతుంది. గాల్లో ఉన్న చక్రానికి ఎంత డిస్క్ ఉంటే ఏం లాభం? మన ముందు చక్రం 18 అంగుళాలు, ఇప్పుడు దొరికే పల్సర్లవి 17. చక్రం చిన్నదై, ఫోర్కు పొడవు కూడా తగ్గితే ముందు భాగం కిందికి దిగుతుంది, స్టీరింగ్ కోణం నిటారవుతుంది, హ్యాండిల్ అదురుతుంది. స్టెమ్ (స్టీరింగ్ ఇరుసు) పొడవు, కోన్ సెట్ (స్టీరింగ్ బేరింగులు) కలవకపోతే గ్యారేజీలో లేత్ మీద ఒక బుష్ తీసి కొట్టేస్తారు. అది ఘాట్ మలుపులో ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఉన్న ఆర్ఎక్స్ ఫోర్కు కాలికే కాలిపర్ (ప్యాడ్లని డిస్క్‌కి నొక్కే భాగం) పట్టీ వెల్డింగ్ చేస్తామనే వాళ్లూ ఉన్నారు, వాళ్ల దగ్గరికి అసలు వెళ్లకండి. బ్రేకు పట్టినప్పుడు ఆ మెలి బలమంతా పడేది ఆ అతుకు మీదే.

రాయగడ_రైడర్:
సర్, ఫోర్కు మాట ఒప్పుకుంటా. డిస్క్ మాట మాత్రం కాదు. పల్సర్ కాకపోతే తేలికైన బండిది, పొడవు కొలిచి, స్ప్రింగులు మార్చి, లివర్ దగ్గరుండి బ్రేకు ఆయిల్‌ని నెట్టే మాస్టర్ సిలిండర్ కాలిపర్‌కి జోడీగా ఉన్నదే పెడితే? దాని బోరు (లోపలి వ్యాసం) పెద్దదైతే లివర్ గట్టిపడి బ్రేకు తగ్గుతుందని నాకూ తెలుసు.

సునాబెడ_ఫిట్టర్:
అలా కొలిచి చేసేవాడు దొరికితే నాకు అభ్యంతరం లేదు. అయితే డిస్క్ అంటే చూడక్కర్లేదు అనుకోకు. బ్రేకు ఆయిల్ తేమని పీలుస్తుంది. డాట్ 3 రకం ఆయిల్ కొత్తదైతే కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక 140కే మరగొచ్చు. ఏళ్ల తరబడి మార్చని ఆయిల్‌తో ఘాట్ దిగితే నీ డిస్క్ లివర్ కూడా గ్రిప్‌కి తగులుతుంది, అదీ చెప్పాపెట్టకుండా.

పర్లాకిమిడి_వకీలు:
మీ ఇంజనీరింగ్ బాగుంది గానీ కాగితాలు మరిచిపోతున్నారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలోని వివరాలు తయారీదారు ఇచ్చిన ఒరిజినల్ స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా బండి మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే చట్టం 182ఏ సెక్షన్ కింద యజమానికి ఒక్కో మార్పుకి 5000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. ముందు భాగం మొత్తం వేరే బండిది పెట్టి ఆర్‌సీలో ఏమీ మారలేదనడం కష్టం. రీ-రిజిస్ట్రేషన్ బండి అన్నారు కాబట్టి అయిదేళ్లకోసారి ఇన్‌స్పెక్టర్ ముందు నిలబెట్టాల్సిందే. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్‌వాళ్లు మొదట పట్టుకునేదీ ఇదే. లైనర్లు, కేబుల్, స్ప్రింగుల జోలికి ఎవరూ రారు.

రాయగడ_రైడర్:
రోడ్డు మీద సగం ఆర్ఎక్స్‌లు మార్చినవే, ఎవరిని పట్టుకున్నారు సార్?

పర్లాకిమిడి_వకీలు:
పట్టుకోనంత కాలం బాగానే ఉంటుంది బాబూ. నా దగ్గరికి వచ్చేవాళ్లంతా ఆ తర్వాత వచ్చేవాళ్లే.

గుణుపురం_మాస్టారు:
ఫోర్కులు కూర్చోవడం గురించి ఒక మాట. చిక్కటి ఆయిల్ పోయిస్తే సరిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకు. చిక్కటి ఆయిల్ కూర్చోవడాన్ని నెమ్మది చేస్తుందే గానీ, ఎంత లోతుకి కూర్చోవాలన్నది స్ప్రింగు పని. ముప్పై ఏళ్ల స్ప్రింగు కుంగిపోయి ఉంటుంది. కొత్త స్ప్రింగులు, సీళ్లు, తాజా ఆయిల్ రెండు కాళ్లలోనూ ఒకే కొలతలో పోయించు, కోన్ సెట్ కూడా చూపించు. పైపులు వంగాయేమో గాజు పలక మీద దొర్లించి చూస్తే తెలిసిపోతుంది.

కోరాపుట్_టూస్ట్రోక్:
అందరికీ థాంక్స్. మాస్టారూ, ఆర్ము చూశాను. మీరన్నట్టే, పట్టినప్పుడు బాగా ముందుకు వెళ్లిపోతోంది. పల్సర్ ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టాను. లైనర్లు, కేబుల్, ఫోర్కు స్ప్రింగులు చేయించి ఒకసారి ఘాట్ దిగి చూస్తా. అప్పటికీ ఆగకపోతే రాయగడ తమ్ముడికి ఫోన్ చేస్తా. డ్రమ్ము లోపల కొంచెం గుడ్డులా ఉన్నట్టు అనిపిస్తోంది, పట్టినప్పుడు లివర్ కొట్టుకుంటోంది. లేత్ మీద పెట్టించాలంటే హబ్ విప్పి ఇవ్వాలా?

సునాబెడ_ఫిట్టర్:
విప్పొద్దు. స్పోకుల లాగుడుకే హబ్ వంకరవుతుంది. విప్పి కోయించి మళ్లీ స్పోకులు బిగిస్తే వంకర తిరిగొస్తుంది. మొదట చక్రం వంకర లేకుండా ట్రూ చేయించు, టైరు తీసేసి రిమ్ముతో సహా పట్టుకెళ్లు. మన దగ్గర చిన్న లేతుల మీద 18 అంగుళాల రిమ్ము తిరగదు, విజయనగరంలో పెద్ద లేత్ ఉన్నవాళ్లని అడుగు. లోపలి కొలత 131 ఎంఎం దాటనివ్వకు.