పొత్తిళ్ళలో బిగించి చుట్టి పడుకోబెట్టడం మంచిదా?

సిరోంచ కోడలు:
మా పాపకు ఐదు వారాలు. నిద్రలో ఉలిక్కిపడి, రెండు చేతులూ విదిలించి లేచి ఏడుస్తుంది. మా అత్తమ్మ పాత నూలు చీర ముక్కతో మెడ నుంచి పాదాల దాకా చుట్టి, కాళ్ళు చాపి, పైన ఒక పట్టీ కడితే మాత్రం రెండు మూడు గంటలు కదలకుండా పడుకుంటుంది. పుణేలో ఉన్న మా అక్క ఇది ప్రమాదమనీ, వెంటనే మానేయమనీ అంటోంది. మానేసిన రాత్రి ఇంటిల్లిపాదికీ జాగారమే. అనుభవం ఉన్నవారు ఏది సరైనదో చెప్పగలరు.

జయపురం మాస్టారు:
మీ అత్తగారు చేస్తున్నదే సరైనది. కొరాపుట్ కొండల మీద పుష్యమాసపు చలిలో పసిబిడ్డను చుట్టకుండా వదిలేసేవారు మా ఇళ్ళలో ఎవరూ లేరు. మీ గడ్చిరోలి జిల్లాలోనే డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు పల్లె స్త్రీలకు శిక్షణనిచ్చి, ఇంటి దగ్గరే నవజాత శిశువుల సంరక్షణ చేయించారు. పోల్చిచూసిన పల్లెలకంటే అక్కడ నవజాత శిశువుల మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. ఆ సంరక్షణలో బిడ్డను వెచ్చగా ఉంచడం ఒక ముఖ్యమైన భాగం. ఇక కాళ్ళు చాపి కట్టకపోతే దొడ్డికాళ్ళు వస్తాయన్నది పెద్దలు చూసి చెప్పిన మాట.

బల్లార్షా తండ్రి:
మాస్టారు గారూ, చలి సంగతి ఎలా ఉన్నా, దయచేసి కాళ్ళు కట్టమని ఎవరికీ చెప్పకండి. మా అమ్మాయికి నాలుగు నెలల దాకా అలాగే కట్టారు. నడక వచ్చాక ఒక పక్కకు ఒరిగి నడుస్తుంటే, ఒక ఆసుపత్రివారు అదే సర్దుకుంటుందని పంపేశారు. మరోచోట ఎక్స్‌రే తీస్తే ఎడమ తొడ ఎముక తల తుంటి గిన్నెలో లేదని తేలింది. శస్త్రచికిత్స చేసి నడుము నుంచి మడమల దాకా పిండికట్టు వేశారు. మా చంద్రపూర్ ఎండల్లో, రేకుల కప్పు కింద, ఆ కట్టులోపల దురదకు గోక్కోవడానికి దారిలేక పిల్ల ఏడ్చిన ఏడుపు నాకు తెలుసు. కడుపులో ముడుచుకుని ఉన్న కాళ్ళను పుట్టగానే లాగి చాపితే తుంటి కీలు సరిగా ఏర్పడదు. జపాన్‌లో 1970ల మధ్య నుంచి పసిపిల్లల కాళ్ళు చాపి ఉంచవద్దని ప్రచారం చేశాక ఈ జబ్బు బాగా తగ్గింది. దొడ్డికాళ్ళంటారా, పసిపిల్లలందరి కాళ్ళూ కొంత వంగే ఉంటాయి. రెండేళ్ళు వచ్చేసరికి వాటంతట అవే చక్కబడతాయి.

దెగ్లూర్ పాఠకుడు:
మా ఇంట్లో ముగ్గురినీ చుట్టే పెంచారు. ముగ్గురూ కబడ్డీ ఆడారు.

జయపురం మాస్టారు:
ఒక్క బిడ్డకు జరిగినది అందరికీ నియమం కాదు. ఆడపిల్లలకూ, ఎదురుకాళ్ళతో పుట్టినవారికీ, కుటుంబంలో ఆ జబ్బు ఉన్నవారికీ తుంటి ముప్పు ఎక్కువని నేనూ చదివాను. మీ అమ్మాయి ఎదురుకాళ్ళతో పుట్టిందా, లేదా?

బల్లార్షా తండ్రి:
ఎదురుకాళ్ళతోనే పుట్టింది. అలాంటి బిడ్డ తుంటిని పరీక్ష చేయించాలనీ, కాళ్ళు కట్టకూడదనీ ఒక్కరూ చెప్పలేదు. మీరు నన్ను ముద్దాయిని చేసి ప్రశ్నలు వేస్తున్నారు.

రాయగడ నర్సు:
మీరిద్దరూ వేర్వేరు విషయాలకు జవాబులు చెబుతున్నారు. పుట్టిన కొత్తలో, ముఖ్యంగా బరువు తక్కువ బిడ్డకు, చలి తగలకుండా చూడటం వేరు. దానికి తల్లి ఛాతీకి చర్మం తగిలేలా హత్తుకోవడం ఎంతో మంచి పద్ధతి. ఉలికిపాటు లేకుండా నిద్రపోవడానికి చుట్టడం వేరు. రెండోది చేయాలనుకుంటే పలుచని నూలుగుడ్డ ఒక్క పొర చాలు. భుజాలకు పైకి రాకూడదు, ఛాతీ దగ్గర రెండు వేళ్ళు దూరేంత వదులు ఉండాలి, తొడలు రెండు పక్కలకూ విచ్చుకునేలా కింది భాగం సంచిలా వదలాలి. పట్టీ అక్కరలేదు. మెడ వెనక చెమట పడితే ఒంటికి వేడి ఎక్కువైనట్టే. అరచేతులు చల్లగా ఉన్నాయని మరో దుప్పటి కప్పకండి.

సిరోంచ కోడలు:
కాళ్ళ గురించే ఇంత వాదన జరిగింది కనుక, నేను మొదట రాయని మాట ఒకటి చెబుతాను. చుట్టాక అత్తమ్మ పాపను పక్కకు ఒత్తిగిల్లబెట్టి, తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు పెట్టి, వీపు వెనక మరో దిండు ఆనిస్తుంది. వెల్లకిలా ఉంటే కక్కిన పాలు గొంతుకు అడ్డం పడతాయని ఆమె భయం.

రాయగడ నర్సు:
అన్నిటికంటే ప్రమాదం అదే చెల్లీ. వెల్లకిలా ఉన్నప్పుడు గాలిగొట్టం పైన, అన్నవాహిక కింద ఉంటాయి కనుక కక్కిన పాలు గాలిగొట్టంలోకి జారడం కష్టం. చుట్టిన బిడ్డ పక్క నుంచి బోర్లా ఒరిగితే, చేతులు లోపల ఉన్నందువల్ల ముఖం తప్పించుకోలేదు. చుట్టి పక్కకు గానీ బోర్లా గానీ పడుకోబెడితే నిద్రలో హఠాత్తుగా మరణించే ముప్పు పెరుగుతుందని 2016లో పీడియాట్రిక్స్ పత్రికలో వచ్చిన విశ్లేషణ చెప్పింది. దిండ్లు రెండూ ఈ రాత్రే తీసేయండి. పెద్దల మంచం మీద కాకుండా, మీ పక్కనే విడిగా గట్టి పరుపు మీద పడుకోబెట్టండి. చీర ఉయ్యాల మధ్యలో కుంగి గడ్డం ఛాతీకి ఆనుతుంది కనుక రాత్రంతా అందులో ఉంచవద్దు. మరొక మాట: పాప బోర్లా పడితే బొబ్బట్లు చేసుకుంటాం కదా, ఆ రోజు దాకా ఆగకూడదు, ఒత్తిగిలే ప్రయత్నం కనబడగానే, వయసెంతైనా సరే, చుట్టడం మానేయాలి.

జయపురం మాస్టారు:
బిడ్డలను కని పెంచిన ఆడవారి చేతికి ఇక విలువ లేదన్నమాట. నా కోడలు భువనేశ్వర్‌లో ఫోను చూసి బిడ్డను పెంచుతోంది. నా భార్య పాత వాయిల్ చీరలు చింపి, అంచులు చేత్తో కుట్టి పొత్తిగుడ్డలు తీసుకువెళితే, ఒక్కటీ మడత విప్పలేదు. అలాగే సంచిలో తిరిగివచ్చాయి.

బల్లార్షా తండ్రి:
అయితే ఇంతసేపూ మీరు నాతో వాదించినది తుంటి గురించి కాదు.

సిరోంచ కోడలు:
మాస్టారు గారూ, నా ఇబ్బంది మీ కోడలిది కాదు. పగలంతా పాప అత్తమ్మ దగ్గరే ఉంటుంది. ఆమె చేయి లేకపోతే నాకు గడవదు. చుట్టవద్దని ఆమెకు చెప్పాలని నేను అనుకోవడం లేదు. దిండు తీయమని నేను చెబితే తప్పుపట్టినట్టవుతుంది, మా ఆయన చెబితే నేను నేర్పించినట్టవుతుంది.

రాయగడ నర్సు:
పాపకు ఐదు వారాలైతే ఆశా కార్యకర్త 42వ రోజు సందర్శన వచ్చే వారమే. ఆమెకు ముందుగా చెప్పి ఉంచండి. అత్తమ్మ చేతనే చుట్టించి, తొడల దగ్గర గుడ్డ ఎంత వదలాలో అక్కడికక్కడే చూపమనండి. దిండ్లు తీసిన సంగతి అడిగితే అప్పటిదాకా నర్సు చెప్పిందనండి.

జయపురం మాస్టారు:
తలకు టోపీ అయినా ఉండవచ్చునా, అదీ నిషేధమేనా?

రాయగడ నర్సు:
ఇంట్లో నిద్రపోయేటప్పుడు వద్దండి. ముఖం మీదికి జారవచ్చు, వేడి కూడా ఎక్కువవుతుంది.

జయపురం మాస్టారు:
కొరాపుట్‌లో ఆ మాట నేను ఒప్పుకోను.

బల్లార్షా తండ్రి:
మే నెలలో ఒకసారి మా ఊరు రండి మాస్టారు గారూ, టోపీ మీరే పెట్టుకుని చూద్దురు గాని.