సమస్యాపూరణం: “వాడి హెచ్చుకొలది బాధ తగ్గు”

నిర్వాహకులు (విజయనగరం): వాలు రేజరుతో గడ్డం గీసుకుంటుండగా తట్టిన పాదమిది. బ్లేడు అందరూ వాడేదే అయినా, పైమూతకూ అడుగుపలకకూ మధ్య బిగించగానే మెలిపడి, ఒక మూల పైకీ ఎదుటి మూల కిందికీ ఒరుగుతుంది. మొదటిసారి చూసినవారు జంకుతారు. పూరించండి.

బొబ్బిలి మాస్టారు:

తిన్నగున్న బ్లేడు తెంపకుండగ లాగు
వాలియున్న బ్లేడు వరుస గోయు
కత్తిపీట మీద కందముక్కను జూడు
వాడి హెచ్చుకొలది బాధ తగ్గు

పలాస కవిగారు: మాస్టారూ, కత్తిపీట ఉపమానం బాగుంది గానీ, బాధ తగ్గింది కందకా, గడ్డానికా? కందకు లేని దురద కత్తిపీటకెందుకు? “ఉన్న బ్లేడు” అన్నచోట సంయుక్తాక్షరం ముందున్న ‘న్న’ గురువు కాదా? కిందటి పూరణలో మీరు ఈ వాలును, మార్చుకునే బ్లేడు రేజరు తెచ్చిన గిల్లెట్‌కు కట్టబెట్టారు. ఆయన 1904లో పేటెంటు పొందిన రేజరులో బ్లేడు అంచు తిన్నగానే నడుస్తుంది. నా పూరణ చూడండి.

చేయి బరువు వద్దు చెంపపై కత్తికి
ముప్పదంశ కోణ మొప్పు నెపుడు
గడ్డమందు పొట్టి గీతలే చాలును
వాడి హెచ్చుకొలది బాధ తగ్గు

బొబ్బిలి మాస్టారు: నేను గిల్లెట్‌ను తలచుకున్నది పలుచని, మార్చుకోదగిన బ్లేడు కోసమే, వాలు ప్రస్తావన వేరే పాదంలో ఉంది. నా గురులఘువులు లెక్కపెట్టిన కవిగారు తమ మూడవ పాదంలో ‘గ’కు ‘గీ’తో యతి ఎలా చెల్లించారో సెలవివ్వాలి.

నిర్వాహకులు: ‘బ్లేడు’ వేరే పదం కనుక దాని ముందున్న ‘న్న’ లఘువే; మాస్టారి గణాలు సరిగానే ఉన్నాయి. కవిగారి పాదంలో మాత్రం యతి తప్పింది. “గీయునపుడు పొట్టి గీతలే చాలును” అంటే యతీ కుదురుతుంది, కోల్పోయిన గడ్డానికి గీయడం బదులు వస్తుంది.

ఇక భావానికొస్తే, మాస్టారి పద్యానికి ప్రాణం “వరుస గోయు” అన్న రెండు మాటల్లో ఉంది. వాలిన అంచు మొత్తం ఒక్కసారిగా వెంట్రుక మీద పడదు. ఒక కొసనుంచి మొదలై జారుతూ కోస్తుంది కనుక తక్కువ బలం చాలుతుంది, వెంట్రుక కుదుళ్లతో లాగినట్టు ఉండదు. బ్లేడు పదును పెరగకపోయినా పెరిగినట్టే పనిచేస్తుంది. సమస్యలోని ‘వాడి’కి ఇంతకన్న మంచి సమాధానం నాకు కనబడలేదు. మెలిపడటం వల్ల బ్లేడు బిగువెక్కి అదరదన్న సంగతీ ఎవరైనా చెప్పి ఉంటే ఇంకా సంతోషించేవాణ్ణి.

అయితే కవిగారి మొదటి పాదాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. మెర్కూర్ 37సి వంటి వాలు రేజరుకు దాని సొంత బరువే చాలు. చెవి కింద, దవడ ఎముక మెడలోకి తిరిగే మలుపులో కాస్త నొక్కితే నురుగులో ఎర్రని చార తేలుతుంది. రోమాలకు ఎదురుగా గీసే సంగతిని ఇద్దరూ వదిలేశారు. శ్రీకాకుళం సభ్యులెవరైనా దాని మీద పూరణ పంపితే, ఆదివారం దాకా ఈ పాదాన్ని తెరిచే ఉంచుతాను.